చెరువు నాడి

ప్రవేశిక

నెల్లూరు తీరప్రాంతంలో రొయ్యల పెంపకం వేలాది కుటుంబాలకు జీవనాధారం. ఆ పెంపకానికి వెన్నంటి వచ్చే పెద్ద ఆపద వ్యాధి. నీటి అడుగున బతికే ప్రాణికి జబ్బు చేసినపుడు దానిని ఎట్లా గుర్తించాలి, ఏ వరుసలో పరీక్షించాలి, గుర్తించిన తరువాత మన బాధ్యత ఏమిటి అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది. శాస్త్రీయ దృష్టితో పాటు సామాజిక బాధ్యతను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి తనకు కలిగిన బాధను నోటితో చెప్పుకుంటాడు. పశువు మేత మాని, చెవులు వేలాడవేసి తన బాధను తెలుపుతుంది. మొక్క ఆకు వాడ్చి చెబుతుంది. నీటి అడుగున బతికే ప్రాణి బాధ మాత్రం ఒడ్డున నిలబడినవాని కంటికి కనిపించదు. కనిపించే వేళకు చాలావరకు ఆలస్యమై ఉంటుంది. అందువల్ల నీటిప్రాణులను పెంచేవాడు వైద్యునివలె నాడి పట్టడం నేర్చుకోవాలి. ఆ నాడి ప్రాణి దేహంలో కంటే అది బతికే నీటిలోనే ముందుగా దొరుకుతుంది.

తెలుపు చెప్పే సంగతి

సముద్రపు నీటిని గాజుతొట్టిలో నింపి పగడాలను పెంచడం కొన్ని దేశాలలో ఒక అభిరుచి. పగడం చూడటానికి రాయివలె ఉన్నా, అది అతి చిన్న ప్రాణుల సమూహం. ఆ ప్రాణుల కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి పంచి ఇస్తాయి. పగడానికి రంగు కూడా వాటి వల్లనే వస్తుంది. నీరు వేడెక్కినా, ఉప్పదనం తగ్గినా, కాంతి హెచ్చినా, బురద కమ్మినా ఆ స్నేహం చెడుతుంది. శైవలాలు వెళ్ళిపోతాయి, పగడం తెల్లబడుతుంది. తెల్లబడిన పగడం అప్పటికింకా చనిపోలేదు. కారణాన్ని వెంటనే గుర్తించి సరిదిద్దితే తిరిగి కోలుకోగలదు. 1998లో సముద్రజలాలు వేడెక్కినపుడు లక్షద్వీపాలలోనూ, అండమాన్ దీవులలోనూ, మన్నారు సింధుశాఖలోనూ పగడపు దిబ్బలు ఈ విధంగానే తెల్లబడ్డాయి.

ఇక్కడ మనం గమనించవలసిన సూత్రం ఒకటి ఉన్నది. లక్షణం ఒకటే; కారణాలు అనేకం. తెల్లబడిన పగడాన్ని చూసి తొట్టిలో ఏదో ఒక మందు పోసేవాడు దానిని మరింత త్వరగా చంపుతాడు. ముందుగా ఉష్ణమాపకం చూసేవాడు దానిని బతికించగలడు.

మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో రక్షణ పొందిన జీవులు. కాబట్టి వాటిని సముద్రం నుంచి తీసి ఇంట అలంకరించుకోవడం తగని పని, చట్టవిరుద్ధం కూడా. పైగా మన నెల్లూరు తీరంలో పగడపు దిబ్బలు లేవు. నదులు మోసుకువచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి కలిసే సముద్రం వాటి పెరుగుదలకు అనుకూలం కాదు. అయితే పగడం నేర్పే ఆ సూత్రం ఈ తీరంలో మరొక ప్రాణి విషయంలో ప్రతిదినమూ అవసరమవుతున్నది. ఆ ప్రాణి రొయ్య.

నెల్లూరు తీరం నేర్చుకున్న పాఠం

మొలగొలుకుల బియ్యానికి పేరుపొందిన నెల్లూరు సీమ 1990 ప్రాంతంలో మరొక పంటకు ప్రసిద్ధి కెక్కింది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మొదలైన మండలాలలో ఉప్పుటేళ్ళ వెంబడి టైగర్ రొయ్యల గుంటలు వెలిశాయి. కండలేరు ఉప్పుటేరు, బకింగ్‌హాం కాలువ, పెన్నా ముఖద్వారం ఈ గుంటలకు ఉప్పునీటిని అందించాయి. విదేశాలలో రొయ్యకు మంచి ధర పలికింది. వరి పండించిన రైతులు రొయ్యరైతులయ్యారు. నెల్లూరు రొయ్యల రాజధానిగా పేరు తెచ్చుకున్నది.

ఆ సంబరం ఎక్కువకాలం నిలువలేదు. 1992, 1993 సంవత్సరాలలో తైవాన్, చైనా, జపాన్ దేశాల చెరువులను దెబ్బతీసిన తెల్లమచ్చ వ్యాధి 1994 చివరలో మన తూర్పుతీరాన్ని తాకింది. రొయ్యలు మేత మానాయి. గట్టు వెంబడికి వచ్చి నీరసంగా తిరిగాయి. వాటి తలపెంకు మీద తెల్లని మచ్చలు కనిపించాయి. అటు తరువాత వారం, పదిరోజులలో గుంటకు గుంట ఖాళీ అయింది. బిడ్డల చదువుకు, ఆడపిల్లల పెండ్లికి దాచిన సొమ్మును గుంటలో పెట్టిన కుటుంబాలు అప్పులపాలయ్యాయి.

అప్పటికి ఆ వ్యాధి ఏమిటో చాలామందికి తెలియదు. తెలియనందువల్ల రెండు పొరపాట్లు జరిగాయి. మొదటిది, దుకాణంలో దొరికిన మందునల్లా గుంటలో కుమ్మరించడం. రెండవది, రొయ్యలు చనిపోతున్న గుంటలోని నీటిని తూము ఎత్తి ఉప్పుటేటిలోనికి వదిలివేయడం. ఆ ఉప్పుటేటి నీటినే పొరుగురైతు మోటారు పెట్టి తన గుంటకు తోడుకున్నాడు. ఈ విధంగా వ్యాధి గుంట నుంచి గుంటకు వ్యాపించింది. నిజానికి రొయ్యను చంపింది వైరస్. ఊరిని ముంచింది రోగనిర్ణయం తెలియకపోవడం.

ఆ అనుభవం నుంచి శాస్త్రజ్ఞులు, రైతులు కలిసి ఒక పద్ధతిని నేర్చుకున్నారు. దానిని నాలుగు మెట్లుగా చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు: అడగడం

తెల్లవారుజామున కాపలా మనిషి వచ్చి, “అయ్యా, గట్టు పక్కన నాలుగు రొయ్యలు తేలినాయి” అని చెప్పాడనుకుందాం. యువరైతు గుండె గుభేలుమంటుంది. అతని చేయి మందు డబ్బా మీదికి పోతుంది. అప్పుడు అనుభవజ్ఞుడైన పెద్దరైతు, “అబ్బయా, డబ్బా కింద పెట్టు. ముందు నీళ్ళు చూడు, తరవాత రొయ్యను చూడు, ఆఖరున మందు సంగతి” అంటాడు. రోగనిర్ణయ శాస్త్రమంతా ఈ మాటలలోనే ఇమిడి ఉన్నది.

వైద్యుడు రోగిని ముందుగా ప్రశ్నిస్తాడు. గుంట మాట్లాడదు కాబట్టి గుంటను చూసుకొనేవారినే ప్రశ్నించాలి. పిల్లను వదిలి ఎన్ని రోజులైంది? ఆ పిల్లకు వదిలే ముందు వైరస్ పరీక్ష చేయించారా? గడచిన మూడు రోజులలో మేత ఎంత తిన్నాయి? వాన కురిసిందా? కొత్తనీరు పెట్టారా? కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయా? పొరుగు గుంటలలో చావులున్నాయా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే రోజువారీ లెక్కపుస్తకం ఉండాలి. ఉష్ణోగ్రత, మేత, నీటిరంగు, చనిపోయిన రొయ్యల సంఖ్య ప్రతిదినమూ రాసుకున్న రైతు సగం రోగనిర్ణయం చేసుకున్నట్లే. జ్ఞాపకం మీద ఆధారపడినవాడు తనకు నచ్చిన కారణాన్నే జ్ఞాపకం చేసుకుంటాడు.

రెండవ మెట్టు: నీటిని చూడటం

గుంట నీరు రాత్రింబవళ్ళు ఒకే విధంగా ఉండదు. నీటిలోని సూక్ష్మమైన వృక్షప్లవకాలు పగలు సూర్యకాంతిలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. రాత్రి అవి కూడా రొయ్యలతో పాటు ఆ ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. అందువల్ల సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. పట్టపగలు కొలిచి “బాగానే ఉన్నది” అనుకోవడం, రోగి నిద్రలేచి నవ్విన తరువాత జ్వరం కొలవడం వంటిది.

పిహెచ్ విలువ 7.5, 8.5 మధ్య ఉండటం మేలు. ఉదయానికి, సాయంత్రానికి మధ్య తేడా 0.5 కంటే మించరాదు. ప్లవకాలు పగలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోవడం వల్ల మధ్యాహ్నం పిహెచ్ పెరుగుతుంది. తేడా ఎక్కువగా ఉన్నదంటే ప్లవకాలు మితిమీరాయని గ్రహించాలి. దీనికి తోడు అమ్మోనియా సంగతి ఉన్నది. మిగిలిపోయిన మేత, రొయ్యల విసర్జకాలు కుళ్ళినపుడు అమ్మోనియా పుడుతుంది. అది నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయనిది, రెండవది విషం. పిహెచ్ 7.5 నుంచి 8.5కు పెరిగితే విషరూపంలోని అమ్మోనియా సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. ఉదయం హాని చేయని నీరే మధ్యాహ్నానికి రొయ్య మొప్పలను దెబ్బతీయగలదు. కాబట్టి అమ్మోనియాను, పిహెచ్‌ను కలిపి చదవాలి గాని విడివిడిగా చదవరాదు.

నీటిరంగు కూడా ఒక భాష. లేత ఆకుపచ్చ, లేత గోధుమవన్నె ఆరోగ్యానికి గుర్తులు. నలుపు తెలుపు రంగులు వేసిన చిన్న పళ్ళాన్ని తాడుతో నీటిలోనికి దించితే 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు కనిపించాలి. రాత్రికి రాత్రి రంగు విరిగి నీరు తేటపడితే ప్లవకాలు ఒక్కసారిగా చనిపోయాయని అర్థం. చనిపోయిన ప్లవకాలు కుళ్ళుతూ ఆక్సిజన్‌ను హరిస్తాయి. చూడటానికి అందంగా ఉన్న తేటనీరు రొయ్యకు ఉపద్రవం కావచ్చు.

నెల్లూరు జిల్లాలో ఎక్కువ వర్షం ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. తుఫాను వచ్చిందంటే ఒక్క రాత్రిలో గుంటపై మంచినీటి పొర ఏర్పడుతుంది. ఉప్పదనం, ఉష్ణోగ్రత, పిహెచ్ ఒక్కసారిగా పడిపోతాయి. ఆ ఒత్తిడిలో రొయ్య బలహీనపడుతుంది. తెల్లమచ్చ వైరస్ కూడా వెచ్చని నీటిలో కంటే చల్లబడిన నీటిలో ఎక్కువగా విజృంభిస్తుంది. అందువల్ల అనుభవం గల రైతులు శీతకాలపు పంటకు భయపడతారు.

మూడవ మెట్టు: ప్రాణిని చూడటం

నీటిని చూసిన తరువాత రొయ్య వంతు వస్తుంది. ముందుగా దాని నడవడిని చూడాలి. తెల్లవారుజామున చిన్నా పెద్దా తేడా లేకుండా రొయ్యలన్నీ పైకి తేలి, ఎండ ఎక్కి ఏరియేటర్లు తిరిగిన తరువాత మళ్ళీ కిందికి దిగిపోతే అది ఆక్సిజన్ కొరత. మిట్టమధ్యాహ్నం కూడా కొన్ని రొయ్యలు గట్టును అంటిపెట్టుకొని, కాలితో కదిపినా పారిపోకుండా ఉంటే అది వ్యాధి కావచ్చు. చావుల లెక్క కూడా ఒక సాక్ష్యమే. ఒక్క రాత్రిలో వందలు చచ్చి మరునాడు ఆగితే నీటిదోషాన్ని అనుమానించాలి. మొదటి రోజు పది, రెండవ రోజు ఇరవై, మూడవ రోజు యాభై అన్నట్లు పెరుగుతూ పోతే అంటువ్యాధిని అనుమానించాలి.

తరువాత చెక్ ట్రేను పైకి లాగి చూడాలి. మేత మిగిలిందా? తిన్న రొయ్యల పేగు నిండుగా నల్లని గీతవలె కనిపిస్తున్నదా, లేక తెగిపోయి ఖాళీగా ఉన్నదా? విసురువల వేసి పట్టిన రొయ్యను వెలుతురుకు ఎదురుగా పట్టుకొని తల నుంచి తోక వరకు వరుసగా చూడాలి. మీసాలు విరిగాయా, పెంకు గట్టిగా ఉన్నదా, మొప్పలు శుభ్రంగా ఉన్నాయా, రైతులు లివర్ అని పిలిచే జీర్ణగ్రంథి నిండుగా ఉన్నదా, కండ తేటగా ఉన్నదా అని పరిశీలించాలి. మొప్పలు నల్లబడితే ముందుగా గుంట అడుగున పేరుకున్న నల్లబురదను గుర్తుకు తెచ్చుకోవాలి. నీటి మీద తెల్లని దారాల వంటి విసర్జకాలు తేలితే పేగులోనో, జీర్ణగ్రంథిలోనో దోషమున్నదని గ్రహించాలి.

ఇక తెల్లమచ్చ. పెంకు లోపలివైపు అరమిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల వరకు ఉండే గుండ్రని మచ్చలు ఈ వైరస్ వ్యాధికి ప్రసిద్ధ లక్షణం. కాని మచ్చ కనిపించిన ప్రతి రొయ్యా వైరస్ సోకినది కాదు. కొన్ని బాక్టీరియాలు కూడా పెంకుపై తెల్లని మచ్చలను కలిగిస్తాయి. నీటిలో క్షారత్వం మరీ ఎక్కువైనా పెంకు మీద తెల్లని మచ్చలు ఏర్పడవచ్చు. అటువంటప్పుడు రొయ్య చక్కగా మేత తింటుంది, చురుకుగా ఉంటుంది. పెంకు విడిచినపుడు ఆ మచ్చలు పోవచ్చు. మరొకవైపు, మచ్చలు స్పష్టంగా కనబడకుండానే ఒళ్ళు ఎర్రబారి ఈ వైరస్‌తో చనిపోయే రొయ్యలూ ఉన్నాయి. మచ్చను చూసి భయపడినవాడు ఆరోగ్యమైన పంటను తొందరపడి పట్టి నష్టపోతాడు. మచ్చ లేదని ధైర్యపడినవాడు గుంటను పోగొట్టుకుంటాడు. పగడపు తెలుపు నేర్పిన పాఠమే రొయ్యమీది తెలుపు కూడా నేర్పుతున్నది.

కంటికి అసలే కనిపించని వ్యాధి మరొకటి ఉన్నది. 2009లో మన దేశం వనామి రొయ్య పెంపకానికి అనుమతి ఇచ్చింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఇ.హెచ్.పి. అనే సూక్ష్మ పరాన్నజీవి మన చెరువులలో ప్రవేశించింది. ఇది రొయ్యను వెంటనే చంపదు; ఎదగనివ్వదు. రైతు రోజూ మేత వేస్తూనే ఉంటాడు. రొయ్యలు తింటూనే ఉంటాయి. తూకం వేసినపుడు మాత్రం కొన్ని పెద్దవిగా, కొన్ని మరీ చిన్నవిగా ఉంటాయి. చావు లేదు కాబట్టి జబ్బు లేదని అతడు నమ్ముతాడు. నష్టం మేత ఖర్చు రూపంలో నిశ్శబ్దంగా పెరుగుతుంది. అందుకే వారానికొకసారి రొయ్యలను తూచి బరువు రాసుకోవడం కూడా రోగనిర్ణయంలో భాగమే.

నాలుగవ మెట్టు: ప్రయోగశాల

కన్ను అనుమానించగలదు, ప్రయోగశాల నిర్ధారించగలదు. పరీక్షకు పంపవలసినవి చనిపోయిన రొయ్యలు కావు. చనిపోయిన దేహంలో కుళ్ళుకు కారణమైన బాక్టీరియాలు పెరిగి అసలు దోషిని కప్పివేస్తాయి. నీరసించి కొనప్రాణంతో ఉన్న రొయ్యలను, పోల్చి చూడటానికి ఆరోగ్యంగా కనిపించే కొన్నింటిని కూడా పంపాలి.

వైరస్‌ను గుర్తించే పరీక్షకు పిసిఆర్ అని పేరు. 2020లో వచ్చిన కోవిడ్ వల్ల ఈ మాట ఇంటింటికీ తెలిసింది. దీనిని 1983లో కారీ ముల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్త రూపొందించాడు. ఆ కృషికి ఆయనకు 1993లో నోబెల్ బహుమతి లభించింది. మనం వెతికే వైరస్‌కు చెందిన డి.ఎన్.ఎ. ముక్క నమూనాలో ఒక్కటి ఉన్నా, ఈ విధానం దానిని ఒక్కొక్క విడతలో రెట్టింపు చేస్తుంది. రెండు నాలుగవుతుంది, నాలుగు ఎనిమిదవుతుంది. ముప్పై విడతలు పూర్తయ్యేసరికి ఆ ఒక్క ముక్క లెక్కప్రకారం నూరు కోట్లకు మించుతుంది. అంటే రొయ్యపిల్లలో వైరస్ రవ్వంత ఉన్నా బయటపడుతుంది. పిల్లను గుంటలో వదలక ముందే ఈ పరీక్ష చేయించడం, వదిలిన తరువాత వేయి మందులు వాడటం కంటే మేలు.

ఉప్పునీటి జీవుల పెంపకంపై పరిశోధనకు 1987లో చెన్నైలో కేంద్ర సంస్థ ఏర్పడింది. దానిని సంక్షిప్తంగా సీబా అంటారు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్ర కళాశాల వెలిసింది. జీవశాస్త్రం అభ్యసించే ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇది మన తీరంలోనే ఉన్న ఒక విద్యామార్గం.

మందు ఎప్పుడు?

రొయ్యకు మనకున్నటువంటి రోగనిరోధక వ్యవస్థ లేదు. ఒకసారి సోకిన వ్యాధిని గుర్తుంచుకొని ప్రతిరక్షకాలను తయారుచేసే శక్తి దానికి లేదు. తెల్లమచ్చ వైరస్ సోకిన గుంటను బాగుచేసే మందు కూడా లేదు. యాంటీబయాటిక్‌లు వైరస్‌లపై పనిచేయవు. అవి రొయ్య కండలో మిగిలిపోయి తినేవారికి హాని కలిగిస్తాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంటి వాటిని రొయ్యల పెంపకంలో వాడటాన్ని మన దేశం నిషేధించింది. విదేశీ రేవులలో వాటి అవశేషాలు బయటపడితే సరుకు వెనుకకు వస్తుంది.

అయితే నీటిదోషానికి మార్గముంది. ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లను నడపాలి, మేత తగ్గించాలి. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలి. సున్నం, బెల్లం, మందు, కొత్తనీరు ఒకే రోజు వేసిన రైతు గుంట బాగుపడినా ఎందుకు బాగుపడిందో చెప్పలేడు. చెడినా ఎందుకు చెడిందో చెప్పలేడు. వ్యాధి వచ్చాక పరుగులెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వంటిది. పంట ముగియగానే అడుగుమట్టిని పగుళ్ళు పారేవరకు ఎండబెట్టడం, నల్లబురదను తొలగించడం, నీటిని వడగట్టి పెట్టుకోవడం, వైరస్‌ను మోసుకువచ్చే పీతలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టడం ముందుచూపు గల పనులు.

తూము ముందు

రోగనిర్ణయం పూర్తయింది. తెల్లమచ్చ వైరస్ అని ప్రయోగశాల తేల్చింది. ఇప్పుడు రైతు తూము ముందు నిలబడి ఉన్నాడు. పొరుగువారికి తెలియకముందే అర్ధరాత్రి నీటిని వదిలివేస్తే గుంట శుభ్రమవుతుంది. కొత్త పంట త్వరగా వేసుకోవచ్చు. తూము మూసి ఉంచితే నీటిని బ్లీచింగ్ పౌడరుతో శుద్ధిచేయాలి, కొన్ని రోజులు నిలవ ఉంచాలి. ఆ ఖర్చు తనది, ఆ ఆలస్యం తనది. పైగా తన గుంటకు జబ్బు వచ్చిందని నలుగురికీ చెప్పాలి. శాస్త్రం ఇంతవరకు వచ్చి ఆగుతుంది. తరువాతి అడుగు మనిషి వేయాలి.

తూము ఎత్తినవాడు లాభం పొందుతాడా? ఆ నీరు ఉప్పుటేటిలో కలుస్తుంది. పొరుగు గుంటలోనికి పోతుంది. పొరుగు గుంట కూడా అదే పని చేస్తుంది. మరుపంటకు ఈ రైతు నీరు తోడుకోవలసింది కూడా ఆ ఉప్పుటేటి నుంచే. తాను వదిలిన విషం తన ఇంటికే తిరిగి వస్తుంది. ఒకే ఉప్పుటేటి మీద ఆధారపడినవారి లాభనష్టాలు వేరువేరు కావు.

ఈ సత్యాన్ని సమాజం ఒక్కొక్క మెట్టుగా గుర్తించింది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల వల్ల పర్యావరణానికి, పల్లెల తాగునీటికి, పంటభూములకు కలుగుతున్న హానిపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. చెరువుల నమోదు, నీటి శుద్ధి వంటి నియమాలు ఏర్పడ్డాయి. 2000 సంవత్సరం నుంచి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఆంధ్రప్రదేశ్ రైతులతో కలిసి వ్యాధి నివారణపై పనిచేసింది. ఒకే కాలువ మీద ఉన్న రైతులు సంఘంగా ఏర్పడి, ఒకేసారి పిల్లను వదిలి, జబ్బు వస్తే ఒకరికొకరు తెలుపుకొంటే నష్టం తగ్గుతుందని ఆ కృషి చూపింది. 2007లో ఇటువంటి రైతుసంఘాలకు అండగా కాకినాడ కేంద్రంగా ఒక జాతీయ సంస్థ ఏర్పడింది.

ముగింపు

గాజుతొట్టిలోని పగడమైనా, ఉప్పుటేటి గట్టున ఉన్న రొయ్య అయినా, మనం గోడ కట్టి నిలిపిన నీటిలో బతుకుతున్నది. పారిపోయే దారి దానికి లేదు. దాని గాలి, ఆహారం, శుభ్రత మన చేతిలో ఉన్నాయి. కనుక దానికి వచ్చిన జబ్బులో తొలి ప్రశ్న “దీనికేమైంది?” అన్నది కాదు, “నేను దీనినెట్లా ఉంచాను?” అన్నది. అడిగి, నీటిని చూసి, ప్రాణిని చూసి, పరీక్షించి, ఆ తరువాతనే చేయి కదిలించడం రోగనిర్ణయం. తెలిసిన నిజాన్ని దాచక పొరుగువానికి చెప్పడం ధర్మం. మొదటిది లేకపోతే ఒక గుంట పోతుంది. రెండవది లేకపోతే ఊరు పోతుంది.

అర్థాలు

నాడి = ధాతువు కొట్టుకొనే తీరు, ఆరోగ్యస్థితిని తెలిపేది
శైవలం = నాచు జాతికి చెందిన జీవి
ప్లవకాలు = నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు
ఉప్పుటేరు = సముద్రపు పోటునీరు వచ్చిపోయే ఏరు
తూము = గుంటలోనికి నీరు వచ్చిపోయే ద్వారం
ఒండ్రుమట్టి = నదీప్రవాహం తెచ్చిన మెత్తని మట్టి
మొప్పలు = నీటిప్రాణుల శ్వాసావయవాలు
ఉపద్రవం = ఆపద
అవశేషం = మిగిలినది

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. రొయ్యల వ్యాధిని నిర్ణయించడంలోని నాలుగు మెట్లను వివరించండి.
2. ‘ఒకే ఉప్పుటేటి మీద ఆధారపడినవారి లాభనష్టాలు వేరువేరు కావు.’ పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పగడం తెల్లబడటానికి కారణాలేవి?
2. గుంటలో ఆక్సిజన్‌ను సూర్యోదయానికి ముందు ఎందుకు కొలవాలి?
3. తెల్లమచ్చ కనిపించిన ప్రతి రొయ్యకూ వైరస్ సోకిందని ఎందుకు చెప్పలేము?
4. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయాలనడంలోని ఆంతర్యమేమి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తెల్లమచ్చ వ్యాధి మన తూర్పుతీరాన్ని ఎప్పుడు తాకింది?
2. పిసిఆర్ విధానాన్ని రూపొందించినవారెవరు?
3. నెల్లూరు జిల్లాలో మత్స్యశాస్త్ర కళాశాల ఎక్కడ ఉన్నది?
4. వనామి రొయ్య పెంపకానికి మన దేశం ఏ సంవత్సరంలో అనుమతి ఇచ్చింది?

IV. భాషాంశాలు
(అ) సంధులు: సూర్యోదయం = సూర్య + ఉదయం (గుణసంధి); జీవనాధారం = జీవన + ఆధారం (సవర్ణదీర్ఘసంధి); దోషమున్నది = దోషము + ఉన్నది (ఉత్వసంధి)
(ఆ) సమాసాలు: నీటిరంగు = నీటి యొక్క రంగు (షష్ఠీ తత్పురుష); తెల్లమచ్చ = తెల్లనైన మచ్చ (విశేషణ పూర్వపద కర్మధారయం); లాభనష్టాలు = లాభమూ, నష్టమూ (ద్వంద్వం); నాలుగు మెట్లు = నాలుగు సంఖ్య గల మెట్లు (ద్విగువు)

V. చేసి చూడండి
మీ ఊరి చెరువు నీటిని గాని, కళాశాలలోని చేపల తొట్టి నీటిని గాని వారం రోజులపాటు ఉదయం, సాయంత్రం పరిశీలించండి. రంగు, ఉష్ణోగ్రత, పిహెచ్ విలువలను పట్టికగా రాయండి. మీరు గమనించిన మార్పుకు కారణమేమై ఉంటుందో తరగతిలో చర్చించండి.